ఖాదర్ సాయబు హోటల్లో ఖీమా లేని రోజు

మా ఆలూరు నుంచి కడపకు తిన్నని దారి ఒకటుంది. గుంతకల్లుకు పోయి మద్రాసు రైలెక్కితే ఒక్క పూటలో కడపలో దిగవచ్చు. తెలివిగలవాళ్ళంతా అట్లాగే పోతారు. నేను ఆ దారి వదిలిపెట్టి కర్నూలు, బేతంచెర్ల, నంద్యాల చుట్టుకుని పోయాను. ఊళ్ళో అడిగినవాళ్ళకు, వసారాలో పరచడానికి బేతంచెర్లలో బండలు చూడాలని చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి మా అన్న.

మా వదిన ఆ ఎండాకాలంలో జ్వరం తగిలి పోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అన్న ఏడవలేదు, ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. ఎప్పటిలాగే చేను చూసుకునేవాడు, ఊళ్ళో తగాదాలు వస్తే అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేవాడు. తిండి మాత్రం పోయింది. తిననని ఎప్పుడూ అనలేదు. పిలిస్తే వచ్చి కూర్చుంటాడు, అన్నం కలుపుతాడు, రెండు ముద్దలు మింగి కంచంలో చెయ్యి కడిగేస్తాడు. మా ఇంటామె రోజుకొక కూర చేసి చూసింది. చివరికి, "నా చేతి వంట బావకు గిట్టలేదేమో" అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. డాక్టరు గుండె చూసి, నాలుక చూసి, రోగమేమీ లేదన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇట్లాగే ఉంటే మనిషి దీపావళి దాకా నిలవడు" అని కూడా అన్నాడు.

అప్పుడు నాకు కడపలోని ఖాదర్ సాయబు గుర్తొచ్చాడు. ఆయనది మిలిటరీ హోటలు, అంటే మాంసం దొరికే హోటలు. పత్తి అమ్మకానికో, కోర్టు పనికో కడపకు పోయినప్పుడల్లా అన్నా నేనూ రైలు దిగి నేరుగా అక్కడికే పోయేవాళ్ళం. ఆయన చేసే ఖీమా అంటే మా ఇద్దరికీ ప్రాణం. నేను తిండిపోతును, ఆ సంగతి దాచుకునే రకం కాదు. మంచి ఖీమా ముందర ఎంతటి దిగులైనా కాస్త తగ్గుతుందని నా నమ్మకం.

ముహూర్తం కూడా నేనే పెట్టాను. పీర్ల పండుగ రోజులు చూసుకుని బయలుదేరాం. మా ఊళ్ళో పీర్లంటే కందూరే. మొక్కున్నవాళ్ళు, సాయబులు గానీ రెడ్లు గానీ, పొట్టేలును కోసి ఊరందరికీ పెడతారు. ఆలూరులోనే ఇట్లా ఉంటే, ఖాదర్ సాయబు పొయ్యి మీద ఆ రోజుల్లో ఖీమా ఎంత జోరుగా ఉడుకుతుందో అని లొట్టలు వేశాను. ఇక చుట్టు దారి ఎందుకంటే, ప్రయాణపు బడలికకైనా అన్నకు ఆకలి పుడుతుందని.

కర్నూలు

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఊరు చూడనివాళ్ళకు చెబుతున్నాను, రాజధాని అంటే కోటలూ మేడలూ ఊహించుకోవద్దు. ఎక్కడ చూసినా డేరాలే. డేరాలో బల్ల, బల్ల మీద కాగితాలు, కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు. రాళ్ళకు మాత్రం మా జిల్లాలో ఎప్పుడూ కరువు లేదు. అద్దెలు పెరిగాయి, పాల ధర పెరిగింది. అణా ఉన్న ఉగ్గాని రెండణాలైంది. అడిగితే హోటలువాడు, "రాజధాని గదప్పా" అన్నాడు, ఆ రాజధానిని తానే మోసుకొచ్చినట్టు.

ఉగ్గాని అంటే బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. మా బల్ల దగ్గర గుంటూరు వైపు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన కూర్చున్నాడు. డేరాలో కాపురం, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఏవండీ, మీ ఊళ్ళో పొద్దున్నే ఇంత కారం తింటారేమిటండీ? కారానికి మాది పెట్టింది పేరండీ, అయినా పరగడుపున ఇట్లా తినం."

అని ఇంకో ప్లేటు తెప్పించుకున్నాడు. ఇంటిమీద బెంగపెట్టుకున్న మనిషి కూడా రెండో ప్లేటు తింటున్నాడు కదా అని నేను అన్న వైపు చూశాను. అన్న బొరుగులను ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుతున్నాడు.

"వారు తినరేమండీ?" అన్నాడు గుమాస్తా.

"తింటాండా లేప్పా," అని అన్న తన బజ్జీ తీసి ఆయన ప్లేటులో పెట్టాడు. ఎంత మర్యాదగా పెట్టాడంటే ఆయన వద్దనలేకపోయాడు.

వీధిలో తప్పెట్లు మోగుతున్నాయి. పీర్ల చావిడి ముందర నిప్పుల గుండం తవ్వుతున్నారు. మెడలో ఎర్రదారం, పచ్చదారం వేసుకుని ఫకీరు మొక్కున్న వాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ దారాలు వేసుకున్నవాళ్ళలో సగం మంది హిందువులే. పండుగ జోరు చూసి నాకు హుషారెక్కింది. కడప ఖీమా ఇంకొంచెం దగ్గరైనట్టనిపించింది.

బేతంచెర్ల

కర్నూలులో రైలెక్కి, ద్రోణాచలంలో మారి బేతంచెర్లలో దిగాం. ఈ ఊళ్ళో ఇంటి గోడా బండే, కప్పూ బండే, పెరటి దడీ బండే. మా ఆలూరులో మట్టి మిద్దె కారితే సంవత్సరం పొడుగునా పైకెక్కి మన్ను తొక్కుతూ ఉంటాం. వీళ్ళు ఒకసారి బండ పరిచి ఆ జన్మకు నిశ్చింతగా ఉంటారు. స్టేషను పక్కన లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఉలి దెబ్బలు ఊరి నలుమూలల నుంచీ వినిపిస్తాయి.

మాకు బండలు చూపించినాయన పేరు హుసేనప్ప. విభూతి పెట్టుకున్న మనిషి. పిల్లలు దక్కకపోతే వాళ్ళమ్మ పీర్లకు మొక్కుకుని ఆ పేరు పెట్టిందట. ఇట్లాంటి పేర్లు మా వైపూ ఉన్నాయి గనక నాకు వింత కాలేదు గానీ, సర్కారు జిల్లాలవాళ్ళకు చెబితే నమ్మరు.

"ఈ బండ మీద అన్నం పెట్టుకోని తినొచ్చప్పా, అంత నున్నగా ఉండాది. దుడ్లు మళ్ళా మాట్లాడుకుందాం, ముందు కూసోని చూడు," అన్నాడు.

నేను ఆయన మాట నమ్మి కూర్చున్నాను. అది అప్పుడే అరగదీసిన బండ. లేచేసరికి తెల్లటి సుద్ద నా పంచె వెనకంతా అంటుకుంది. హుసేనప్ప, రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, లారీ డ్రైవరు అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. నా వెనక్కి వచ్చి, చిన్నప్పుడు చేసినట్టే, పంచె పట్టుకుని దులిపాడు. దులుపుతున్న చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఒకప్పుడు ఆ చేత్తో వీపు మీద ఒకటి వేస్తే సాయంత్రం దాకా మండేది. బండలు కుదిరాయో లేదో నాకిప్పుడు సరిగా గుర్తు లేదు. ఆ చెయ్యి గుర్తుంది.

నంద్యాల దాటిన బస్సు

నంద్యాల నుంచి కడపకు బస్సు. వానలు అంతంతమాత్రమే పడ్డ ఏడు. ఆళ్ళగడ్డ దాకా నల్లరేగడి చేలు ఆకాశం వైపు చూస్తున్నాయి. బావులున్న చోట మాత్రం వేరుశనగ పచ్చగా ఉంది. అక్కడక్కడ అప్పుడే పెరికి కుప్పలు వేస్తున్నారు. మేము బుడ్డలంటాం, కడపవాళ్ళు శెనక్కాయలంటారు. ఏ పేరు పెట్టినా మాకు అదొక పంట. పండిస్తాం, మిల్లుకు తోలుతాం, మిగిలింది వేయించుకునో ఉడకబెట్టుకునో తింటాం. అంతకుమించి దాని గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

చాగలమర్రి దగ్గర ఒక ముసలమ్మ గంపలో కోడిపుంజుతో ఎక్కింది. టిక్కెట్టు పుంజుకు కూడా కొట్టమంటావా అని కండక్టరు ఎగతాళి చేస్తే, "దానికే కొట్టు, నేను దిగి నడిచి వస్తా" అని అతని నోరు మూయించింది. కాసేపటికి మూట విప్పి సజ్జరొట్టె, ఎర్రకారం తీసి మా ఇద్దరికీ తలా ఒక ముక్క పెట్టింది. నేను రెండు కొరుకుల్లో పూర్తి చేశాను. అన్న ముక్కను చేతిలో పట్టుకుని కిటికీలో నుంచి చూస్తున్నాడు.

"ఏమప్పా, మా రొట్టె నోటికి పోదా?" అంది ముసలమ్మ.

"అట్ల కాదవ్వా," అని నేను గొంతు తగ్గించి వదిన పోయిన సంగతి చెప్పాను.

ఆమె అన్నను ఎగాదిగా చూసింది. "మా ముసలాయన పోయినప్పుడు నేనూ ఇంతే. ఆర్నెల్లు మజ్జిగ తాగి బతికితి. మనవరాలు పుట్టినాక దానికి పాలు పట్టల్ల గదా అని లేచి కూసుంటి," అంది. తర్వాత నా వైపు తిరిగి, "బలవంతం చెయ్యాకు నాయనా. కూడు తొయ్యడానికి ఇదేమన్నా గోనెసంచా?" అని మందలించింది.

ఆమె దిగేటప్పుడు అన్న లేచి గంప ఎత్తి ఇచ్చాడు. రొట్టె ముక్క అతని రెండో చేతిలో అట్లాగే ఉంది. ఆమె దాన్ని చూసి, గంప నెత్తిన పెట్టుకుని సాగిపోయింది.

కడప

కడపలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఖాదర్ సాయబు హోటలు పాతబజారులో ఒక సందులో ఉంటుంది. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక తెర కట్టిన వంటగది. సందు మలుపు తిరిగితేనే మసాలా వాసన ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేయాలి. ఆ రోజు వాసన వచ్చింది గానీ, అందులో ఏదో తక్కువైంది. నా ముక్కు ఇట్లాంటి విషయాల్లో పొరపాటు పడదు.

ఖాదర్ సాయబు మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. "పెద్దరెడ్డీ! శానా దినాలైపాయ గదప్పా ఈ పక్క రాక! రా, కూసో," అని బల్ల తుడిచాడు. అన్న ఎముకలు తేలిన మొహం చూసి ఆగిపోయాడు. వదిన సంగతి నేను చెప్పాను. ఆయన రెండు చేతులతో అన్న చెయ్యి పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"సాయబూ, మాటలు తర్వాత. ముందు రెండు ఖీమా, రొట్టెలు," అన్నాను.

ఖాదర్ సాయబు తల గోక్కున్నాడు. "చిన్నరెడ్డీ, నువ్వు పీర్ల దినాల్లో ఎప్పుడూ రాలేదు గదా. ఈ పది దినాలూ మా ఇంట్లో నీసు ముట్టం. మా అమ్మ పెట్టుకున్న మొక్కు. హోటల్లో కూడా వండం."

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "పీర్లంటే కందూరు గదా! పొట్టేళ్ళు కొయ్యల్ల గదా!"

"అది మీ ఆలూరులో. మా ఇంట్లో ఇట్ల."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం చుట్టి చుట్టి వచ్చిందెందుకు? ఊరంతా పండుగ చేసుకుంటుంటే ఈయనొక్కడికి ఈ మొక్కేమిటి? ఇంకో హోటలు చూసుకుందాం లేవన్నా అని లేచాను. అన్న లేవలేదు. "ఎండలో యాడ తిరుగుతాంలే. ఆయన పెట్టిందే పెట్టనీ," అన్నాడు. ఏం పెట్టినా ఒకటే అనే గొంతు అది. నేను చతికిలబడ్డాను.

తెర వెనక నుంచి ఖాదర్ సాయబు భార్య మస్తాన్‌బీ రెండు పళ్ళేలు అందించింది. పరోటాలు, పక్కన ముదురు గోధుమ రంగులో పొడిపొడిగా కూర. మెంతాకు, సోంపులాంటి సోయాకు, దాల్చిన చెక్క, వేగిన ఉల్లిపాయ వాసన. పరోటా తుంచి కూరతో నోట్లో పెట్టుకున్నాను. పంటికి తగిలీ తగలకుండా గింజగింజగా ఉంది. కొవ్వు ఊరినట్టు కమ్మగా నాలుకంతా పాకింది, వెనక నుంచి కారం, ఆ పైన నిమ్మకాయ పులుపు వచ్చాయి. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచి ఖాదర్ సాయబు వైపు చూసి నవ్వాను.

"సాయబూ, మొక్కు అంటివి. ఖీమానే పెట్టినావు గదా! మా కోసరం వండినావా? ఎవరికీ చెప్పములే."

ఆయన మొహం మాడిపోయింది. నేను పొగిడాననుకున్నాను. మొక్కు తప్పాడని నలుగురి ముందరా అన్నానని అప్పుడు అర్థమైంది. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

"తప్పు మాట, చిన్నరెడ్డీ. మా అమ్మ మాట అది," అన్నాడు ఆయన.

మస్తాన్‌బీ తెర పక్కకు లాగి, పచ్చి శెనక్కాయల పొట్టున్న చాట తెచ్చి బల్ల మీద పెట్టింది. "చూడప్పా. పొద్దున నుంచి వలిచి, రోట్లో కచ్చాపచ్చాగా దంచినా. ఖీమాకు ఏమేమి పడతాయో అన్నీ దీనికి ఏసినా, మాంసం తప్ప."

చాట కళ్ళముందే ఉన్నా నా నాలుక ఒప్పుకోలేదు. పుట్టినప్పటి నుంచీ తింటున్న బుడ్డలు! నేను చాటలోని పొట్టు తీసి వాసన చూస్తుంటే ఖాదర్ సాయబు అన్న వైపు తిరిగాడు.

"పెద్దరెడ్డీ, నువ్వు ఊరికి న్యాయం చెప్పే మనిషివి. నువ్వు తిని చెప్పు. ఇది నీసా, కాదా?"

అన్న తలెత్తాడు. తగాదా తన ముందుకొస్తే మా అన్న ఏనాడూ తప్పించుకోలేదు. జ్వరంతో ఉన్నా లేచి కూర్చుని రెండు పక్కలా వినేవాడు. అట్లాగే నిటారుగా కూర్చున్నాడు. పరోటా తుంచాడు, కూర అద్దుకుని నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. మళ్ళీ ఒక తునక తీసుకున్నాడు, ఈసారి కూర ఎక్కువ పెట్టుకున్నాడు. మూడోది కూడా తిన్నాక మూతి తుడుచుకున్నాడు.

"సాయబుదే న్యాయం. ఇది నీసు కాదు. మా తమ్ముడు మాట జారినాడు, మన్నించమని అడగతాడు."

అడిగాను. ఖాదర్ సాయబు నవ్వి నా వీపు తట్టాడు. పక్క బల్లల వాళ్ళు మళ్ళీ తినసాగారు. నేనూ పళ్ళెం మీద పడ్డాను. నేను తల వంచుకుని తింటున్నాను గనక కాసేపటి దాకా గమనించలేదు. న్యాయం చెప్పడం అయిపోయినా అన్న చెయ్యి ఆగలేదు. తుంచుతున్నాడు, అద్దుకుంటున్నాడు, తింటున్నాడు. నేను కదిలితే ఆ చెయ్యి ఎక్కడ ఆగిపోతుందోనని భయపడి, నీళ్ళు తాగాలనిపించినా లోటా ఎత్తలేదు.

పళ్ళెం సగమయ్యాక అన్నే మాట్లాడాడు, నా వైపు చూడకుండా.

"ఖీమా పెట్టింటే నేను తినేవాణ్ణి కాదురా."

"ఏంటికన్నా?"

"ఈడికి వచ్చినప్పుడల్లా మీ వదినకు డబ్బాలో కట్టించుకోని పోతాంటి గదా. వాకిట్లోనే నా చేతిలోంచి డబ్బా తీసుకోని, మూత తీసి వాసన చూస్తాండె. ఈపొద్దు అది కండ్లముందర పెడితే ఎట్ల మింగేది చెప్పు."

అన్న ఇంకొక తునక తుంచి కూరలో అద్దాడు.

"ఇంట్లోనూ అంతే. నీ పెండ్లానికి వంట నేర్పింది మీ వదినే. పప్పు చేసినా, పులుసు చేసినా మీ వదిన చెయ్యే. ముద్ద ఎత్తినప్పుడల్లా ఆమే వచ్చి కూసుంటాది. ఇదొక్కటి ఆమె వండలే, ఆమె తినలే." పళ్ళెంలోని కూర వైపు చూశాడు. "అందుకే దిగినట్టుండాది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మేమేమో నెలల తరబడి, ఒకప్పుడు అన్న ఇష్టంగా తిన్నవన్నీ వెతికి వెతికి వండి ముందర పెట్టాం. పెట్టిన ప్రతిసారీ వదినను మళ్ళీ చంపి ఆయన ముందర పెట్టినట్టే అయింది. చుట్టు దారిలో తిప్పి తిప్పి నేను తీసుకొచ్చిందీ దానికే. ఖాదర్ సాయబు వాళ్ళమ్మ ఎవరో, ఆ మొక్కు ఎందుకు మొక్కుకుందో నాకు తెలియదు. ఆ తల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మస్తాన్‌బీ తెర సందులో నుంచి, "ఇంకొక రొట్టె?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నాను.

"ఎయ్యమ్మా," అన్నాడు అన్న. "కూర కూడా కొంచెం ఎయ్యి."

తిరుగు రైలు

మొక్కు ముగిసేదాకా ఉండి ఖీమా కూడా తిని పొమ్మని ఖాదర్ సాయబు బతిమాలాడు. నేను, నేనే, వద్దన్నాను. మస్తాన్‌బీ దగ్గర కూర్చుని ఆ కూర చేసే తీరు మాత్రం అడిగి తెలుసుకున్నాను. చదివేవాళ్ళకు కూడా చెబుతాను: కాయలు పచ్చివై ఉండాలి, పెరికిన రోజే అయితే మరీ మంచిది. మరీ మెత్తగా దంచకూడదు. నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గర నుంచి లేవకూడదు. నిమ్మకాయ దించాకే పిండాలి.

ఈసారి తెలివిగలవాళ్ళ దారిలోనే, గుంతకల్లు రైల్లో వచ్చాం. అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎర్రగుంట్ల దాటాక నాకు కునుకు పట్టింది. రైలు కుదుపుతో ఆగితే మెలకువ వచ్చింది. తాడిపత్రి. అన్న కిటికీలో నుంచి తల బయటికి పెట్టి ప్లాట్‌ఫారం మీద అమ్ముకునేవాళ్ళను వెతుకుతున్నాడు.

"ఏమి దొరుకుతాదిరా ఈడ?" అన్నాడు. "ఆకలైతాంది."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దూకాను.